ఓటీపీ నాకొస్తుంది, పని ఇంకొకరి ఫోన్లో అవుతుంది

జనగామ జిల్లా నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. రూళ్ల నోటుపుస్తకంలో నాలుగు పేజీలు చేత్తో రాసి, పక్కింటి టీచరమ్మతో ఫొటోలు తీయించి పంపారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఆమెకు 54 ఏళ్లు. ఏడో తరగతి దాకా చదువుకున్నారు, రోజూ పేపర్ చదువుతారు, ఇంగ్లిష్ అయితే కూడబలుక్కోవాలి. మూడున్నర ఎకరాల్లో పత్తి వేస్తారు. భర్త చనిపోయి ఏడాదిన్నర అయింది, భూమి విరాసత్, అంటే వారసత్వ మార్పిడి, అయి ఆమె పేరు మీదికి వచ్చింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఫోన్ పనులన్నీ ఆయనవే. ఆమె దగ్గర బటన్ ఫోన్ ఉండేది, ఇప్పటికీ అదే. ఆయన పోయాక ఆయన సిమ్ తీసి తన ఫోన్లో రెండో సిమ్‌గా వేసుకున్నారు, ఎందుకంటే ఆమె బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, పీఎం కిసాన్‌కు, అన్నిటికీ ఇచ్చి ఉన్నది ఆ నంబరే. ఆయన టచ్ ఫోన్ మాత్రం బీరువాలో చీరల కింద ఉంది, ఆన్ చేయబుద్ధి కాలేదట.

ఇప్పుడు ఆ పనులన్నీ మరిది కొడుకు చూస్తున్నాడు. మంచి పిల్లాడు, రూపాయి తిన్నవాడు కాదు అని ఆమే రాశారు. పోయిన సీజన్లో ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో ఆమె పేరు అతని ఫోన్లోనే నమోదు చేశాడు, స్లాట్, అంటే పత్తి తీసుకెళ్లాల్సిన రోజు, అతనే బుక్ చేశాడు. తర్వాత ఏదో పరీక్ష ఉండి హైదరాబాద్ వెళ్లాడు, స్లాట్ ఏ రోజుకు దొరికిందో చెప్పడం మర్చిపోయాడు, పరీక్ష హాల్లో ఫోన్ ఎత్తలేదు. ఈమెకు తెలిసేసరికి ఆ రోజు దాటిపోయింది. ఏరిన కూలీలకు డబ్బులివ్వాలి, ఇంట్లో పత్తి పెట్టుకునే చోటు లేదు, మళ్లీ స్లాట్ దొరికేదాకా ఆగలేక 18 క్వింటాళ్లు ఊళ్లోకొచ్చిన వ్యాపారికి క్వింటాలు 6,700 చొప్పున ఇచ్చేశారు.

ఈ సంగతి విని హైదరాబాద్‌లో ఉండే కూతురు 11 వేలు పెట్టి టచ్ ఫోన్ కొని పంపింది. "మనవరాలిని వీడియోలో చూసుకోవచ్చు కదమ్మా" అంటుంది. మరిది కొడుకేమో "నీకెందుకు పెద్దమ్మా ఈ తిప్పలు, నేను లేనా" అంటున్నాడు. అదే వాడలో ఒకాయన ఫోన్‌కు ట్రాఫిక్ చలానా అని ఏదో ఫైల్ వస్తే నొక్కాడు, చిట్టీ ఎత్తిన డబ్బు మొత్తం పోయింది. తోటికోడలు రాత్రి పన్నెండైనా ఫోన్లో వీడియోలు చూస్తూనే ఉంటుంది. ఇవన్నీ చూసి ఆ కొత్త ఫోన్ పెట్టె విప్పకుండా అలాగే ఉంచేశారు. "ఓటీపీ వస్తే చదివి చెప్పుడు తప్ప నాకేం తెల్వదు. నా భూమి, నా పైసలు, నా పేరు, పని మాత్రం ఇంకొకల్ల ఫోన్ల. ఈ వయసుల ఆ ఫోన్ ముట్టుకోవాల్నా, ఉన్నదానితో ఊకోవాల్నా" అని అడిగారు.

అక్కా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోన్ తీసుకోవాలా వద్దా అని అడిగారు కానీ, నాలుగు పేజీల్లో మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వనిది మీరే రాసిన ఆ మాట, "నా పేరు, పని మాత్రం ఇంకొకల్ల ఫోన్ల" అన్నది. నిజం చెప్పాలంటే టచ్ ఫోన్ మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. మీ పత్తి అమ్మకం, మీ పీఎం కిసాన్ ఈకేవైసీ, అన్నీ టచ్ ఫోన్లోనే జరుగుతున్నాయి, ఆ ఫోన్ మీ చేతిలో లేదు, అంతే. కాబట్టి పెట్టె విప్పాలా వద్దా అన్నది కాసేపు పక్కన పెట్టి, మీ పనులు ఎవరి చేతిలో ఏ మేరకు ఉండాలో ముందు చూద్దాం.

దానికంటే ముందు ఒక పని ఉంది. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ఇది ఈ నెలలోనే చేయండి. ఆ సిమ్ ఇంకా మీ ఆయన పేరు మీదే ఉంది కదా. రేపు బటన్ ఫోన్ చేలో ఎక్కడో పడిపోయిందనుకోండి, లేదా సిమ్ పాడైందనుకోండి, డూప్లికేట్ సిమ్ ఇవ్వాలంటే ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే రమ్మంటారు. రీచార్జ్ చేయక, వాడక మూడు నెలలు దాటితే నంబర్ రద్దయి, కొన్నాళ్లకు వేరే ఎవరికో వెళ్లిపోతుంది కూడా. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ముక్కూముఖం తెలియని మనిషి ఫోన్‌కు వెళ్తాయి. ఆ సిమ్ కంపెనీ స్టోర్ జనగామలోనో హనుమకొండలోనో ఉంటుంది, చిన్న రీచార్జ్ షాపు కాదు, కంపెనీ స్టోర్‌కే వెళ్లండి. ఆయన మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, మీ అమ్మాయి నుంచి తనకు అభ్యంతరం లేదని ఒక కాగితం తీసుకెళ్లి సిమ్ నా పేరుకు మార్చండి అని అడగండి. ఇంకేమైనా కాగితం కావాలంటే వాళ్లే చెబుతారు, ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటే రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. ఇది కాకపోతే ఇంకో దారి కూడా ఉంది, మీ సొంత సిమ్ నంబరునే బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర, అన్ని చోట్లా మార్పించుకోవడం. ఆధార్‌లో నంబర్ మార్చడానికి 75 రూపాయలు తీసుకుంటారు. కానీ తిరుగుడు ఎక్కువ. పైగా ఆయన నంబర్ పోగొట్టుకోవడం ఇష్టం లేదని మీరే రాశారు, కాబట్టి పేరు మార్పించుకోవడమే మీకు సరిపోతుంది.

ఇక భయం సంగతి. మీ వాడలో ఆయనకు జరిగింది నిజంగానే టచ్ ఫోన్ వల్ల వచ్చే ప్రమాదం. చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపుతారు, పేరు చివర ఏపీకే అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. అది ఫొటో కాదు, కాగితం కాదు, అదొక యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లన్నీ వాళ్లకు కూడా కనబడతాయి, ఓటీపీలతో సహా. బటన్ ఫోన్‌కు ఈ గొడవ లేదు. లింకులు నొక్కడం, మన స్క్రీన్ వాళ్లకు చూపించే యాప్‌లు వేయించడం, ఇలాంటివి కూడా దాని మీద నడవవు. ఆ మేరకు మీ ఫోన్ మిమ్మల్ని కాపాడుతోంది, నేను కాదనను.

కానీ బటన్ ఫోన్ ఉంటే ఏ మోసమూ జరగదనుకుంటే పొరపాటు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కార్డు ఆగిపోతుంది, వచ్చిన నంబర్ చెప్పండి అని అడిగేవాళ్లకు మీ ఫోన్ ఏ రకమో అక్కర్లేదు, మీరు చదివి చెబితే చాలు. ఇంకొకటుంది, మీ సిమ్‌లో సమస్య ఉంది, స్టార్ 401 స్టార్ కొట్టి ఫలానా నంబర్ కొట్టండి అంటారు. కొడితే మీకొచ్చే కాల్స్ అన్నీ వాళ్లకు మళ్లే ప్రమాదం ఉంది. టెలికాం శాఖ దీని గురించి హెచ్చరించింది. ఈ మోసం బటన్ ఫోన్ ఉన్నవాళ్లకూ జరగొచ్చు. మీ కాల్స్ ఎక్కడికైనా మళ్లి ఉన్నాయేమో చూడాలంటే స్టార్, హ్యాష్, 21, హ్యాష్ కొట్టి పచ్చ బటన్ నొక్కండి, ఒకసారి ఈరోజే చూసుకోండి.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది వేరే ఉంది అక్కా. ఏడాదిన్నరగా మీరు ఓటీపీ చదివి చెబుతున్నారు. పిల్లాడు మంచివాడే, నేనేమీ అనుమానం పెట్టడం లేదు. కానీ ఓటీపీ దేనికొచ్చిందో తెలియకుండా చెప్పడం మీకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఉన్న మనిషిని రేపు గొంతు మార్చి మాట్లాడే ఇంకెవడైనా సులువుగా మోసం చేయగలడు. భయపడాల్సింది దీనికి.

ఇప్పుడు పత్తి లెక్క చూద్దాం, ఎందుకంటే మీరు ఆ నష్టం గురించి ఒకే వాక్యం రాసి వదిలేశారు, నాకు మాత్రం అది చిన్నదిగా అనిపించలేదు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర, 12 దాటితే తీసుకోరు, మధ్యలో ఒక్కో శాతం పెరిగిన కొద్దీ ధరలో ఒక శాతం కోస్తారు. మీ పత్తిలో తేమ 10 శాతం ఉందనుకున్నా 7,948 వచ్చేది. మీరు అమ్మింది 6,700కి. క్వింటాలుకు 1,248 తేడా, 18 క్వింటాళ్లకు 22 వేల పైమాటే. మీ అమ్మాయి కొన్న ఫోన్ లాంటివి రెండొస్తాయి.

అయితే చేతిలో టచ్ ఫోన్ ఉంటే ఆ 22 వేలు మిగిలేవి అని నేను అనను. ఆ రోజు మీ దగ్గర లేనిది ఒక కబురు, ఫలానా తారీఖున స్లాట్ ఉంది అన్న ఒక్క ముక్క. అది మీ బటన్ ఫోన్‌కే ఒక కాల్ రూపంలో వచ్చి ఉంటే సరిపోయేది. అందుకే బటన్ ఫోన్‌తోనే ఉండిపోవడం కూడా తప్పు దారేమీ కాదు, ఉన్న పద్ధతి మాత్రం మారాలి.

అలా ఉండిపోవాలనుకుంటే ఎలా ఉంటుందో చెబుతాను. యాప్ పనులు ఒక్కరి మీద కాకుండా ఇద్దరి మీద పెట్టండి, మరిది కొడుకు ఒకరు, మీ అమ్మాయి ఇంకొకరు. మీ అమ్మాయి హైదరాబాద్‌లో కూర్చునే తన ఫోన్లో మీ స్లాట్ చూడగలదు, ఓటీపీ మాత్రం మీకొస్తుంది, మీరు ఫోన్లో చెబుతారు. ఒక చిన్న నోటుపుస్తకం ఫోన్ పక్కనే పెట్టుకుని, ఓటీపీ చెప్పిన ప్రతిసారీ తారీఖు, ఎవరడిగారు, దేనికి అని రాసుకోండి. దేనికో చెప్పకపోతే ఓటీపీ చెప్పొద్దు, అడిగింది కన్నకూతురైనా సరే. నెలకోసారి బ్యాంకుకెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకోండి. దుకాణంలో చిల్లర ఇబ్బంది ఉంటే, బటన్ ఫోన్ నుంచే కాల్ చేసి డబ్బు పంపే యూపీఐ 123పే అని ఒక పద్ధతి 2022 నుంచి ఉంది, ఇప్పుడు ఒకసారికి 10 వేల దాకా పంపొచ్చు. కాకపోతే మీ ఊరి దుకాణంలో నోటు ఇచ్చి చిల్లర తీసుకోవడం కన్నా అది సులువని నాకైతే అనిపించలేదు. ఖర్చు విషయానికొస్తే, నెట్ లేకుండా కేవలం కాల్స్, మెసేజ్‌లు ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించాక కంపెనీలు అవి తెచ్చాయి, షాపులో అడిగి అవే వేయించుకోండి, వాడని డేటాకు డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఈ దారిలో ఉన్న కష్టం కూడా చెప్పాలి. పనులు ఏటేటా యాప్‌ల్లోకి పోతున్నాయి. పత్తికి కపాస్ కిసాన్ వచ్చిన ఏడాదే తెలంగాణలో కొన్ని జిల్లాల్లో యూరియా బుకింగ్ కూడా యాప్‌లోకి వచ్చింది. యాప్ వద్దంటే వేలిముద్ర ఉంది కదా అంటారు, కానీ పత్తి ఏరే చేతులకు ఆ ముద్ర ఎంత సరిగ్గా పడుతుందో మీకు తెలియంది కాదు. కాయ ముళ్లకు గీరుకుపోయి, చర్మం అరిగిపోయి, మీసేవలో ఆ మిషన్ మీద వేలు మార్చి మార్చి పెట్టినా ఎర్ర లైటే వెలిగే రోజులు ఉంటాయి. అప్పుడు మళ్లీ ఓటీపీయే దిక్కు. అంటే ఈ దారిలో ఇంకొకరి తీరికతో మీ పని ముడిపడే ఉంటుంది, కాకపోతే ఒకరి బదులు ఇద్దరుంటారు. ఇది మీకు సమ్మతమే అనిపిస్తే ఇక్కడితో ఆగొచ్చు, ఎవరూ మిమ్మల్ని వెనకబడ్డావు అనే హక్కు లేదు.

రెండో దారి, మీ అమ్మాయి చెప్పేది, బటన్ ఫోన్ తీసేసి రెండు సిమ్‌లూ కొత్త ఫోన్లో వేసేయడం. సులువే, ఒకటే ఫోన్, ఒకటే చార్జింగ్. నాకు మాత్రం మొదటి ఏడాది ఇది నచ్చడం లేదు. కొత్తగా నేర్చుకునేటప్పుడు తప్పు నొక్కుళ్లు నొక్కకుండా ఎవరూ నేర్చుకోలేదు, ఆ తప్పులు జరిగే ఫోన్లోనే బ్యాంకు ఓటీపీలు కూడా వస్తుంటే టెన్షన్‌తో చేయి కదలదు. పైగా ఫోన్ పోయిందంటే అన్నీ ఒకేసారి పోతాయి.

నేను మీ స్థానంలో ఉంటే మూడోది చేస్తాను. ఆయన నంబర్, అంటే బ్యాంకుకు ఇచ్చిన నంబర్, బటన్ ఫోన్లోనే ఉంచండి. మీ సొంత సిమ్ తీసి కొత్త టచ్ ఫోన్లో వేయండి, వాట్సాప్ కూడా ఆ నంబర్ మీదే పెట్టించుకోండి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి మొదలుపెట్టాలంటే బ్యాంకుకు ఇచ్చిన సిమ్ అదే ఫోన్లో ఉండాలి. అది బటన్ ఫోన్లో ఉన్నంతకాలం టచ్ ఫోన్లో మీరు పొరపాటున ఏది నొక్కినా బ్యాంకు ఓటీపీ దాని దాకా రాదు. కపాస్ కిసాన్ టచ్ ఫోన్లో తెరుస్తారు, ఓటీపీ బటన్ ఫోన్‌కు వస్తుంది, ఈ చేత్తో చూసి ఆ చేత్తో కొడతారు. మధ్యలో ఇంకో మనిషి అక్కర్లేదు.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. రెండు ఫోన్లకు చార్జింగ్, రెండు రీచార్జ్‌లు, అందులో ఒకటి డేటా ఉన్నది. చేనుకు పోయేటప్పుడు ఏది పట్టుకెళ్లాలని సందేహం వస్తుంది. బటన్ ఫోనే తీసుకెళ్లండి, కొంగున కట్టుకున్నా, కింద పడ్డా దానికేం కాదు, టార్చ్ లైటు కూడా దానిదే మేలు. అయితే చుట్టాలు మీ సొంత నంబర్‌కు చేసే కాల్స్ ఇంట్లో ఉన్న టచ్ ఫోన్‌కు పోతాయి కాబట్టి, పగటి పూట ఆయన నంబర్‌కు చేయమని నలుగురికి ముందే చెప్పండి. ఏడాది గడిచాక చేయి తిరిగిందనిపిస్తే అప్పుడు రెండో దారికి రావొచ్చు, అనిపించకపోతే కొత్త ఫోన్ మీ అమ్మాయికి తిరిగిచ్చేసి మొదటి దారికి వెళ్లొచ్చు.

నేర్చుకోవడం గురించి మీరు "ఈ వయసుల" అని రాశారు కదా, మా అమ్మ సంగతి చెబుతాను. ఖమ్మం దగ్గర పల్లెటూరు, 66 ఏళ్లకు మొదలుపెట్టింది. మొదటి వారం రోజులు ఫోన్ ఆమె మాట వినలేదు. పక్కన కూర్చుని చూస్తే అర్థమైంది, బటన్ ఫోన్ అలవాటుతో గట్టిగా నొక్కి పట్టుకుంటోంది. అలా పట్టుకుంటే టచ్ ఫోన్ వేరేదేదో అడుగుతున్నారనుకుంటుంది, బొమ్మలు కదిలిపోతాయి, ఏవేవో తెరుచుకుంటాయి. పెనం వేడెక్కిందో లేదో వేలు తాకించి తీస్తాం చూడండి, అంతే, అలా తాకి తీసేయాలమ్మా అని చెప్పాను. ఆ పూటే పట్టేసుకుంది. రెండోది, చేను పని చేసిన వేళ్లు బాగా ఎండిపోయి ఉంటే తాకినా ఫోన్‌కు తెలియదు. తడిగుడ్డకు వేలు ఒత్తి, ఆరాక తాకితే తెలుస్తుంది. ఇది తమ తప్పనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు, అందుకే చెబుతున్నాను.

మీ అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు ఆమె దగ్గర కూర్చుని ఫోన్ భాష తెలుగులోకి, అక్షరాలు పెద్దగా మార్పించుకోండి. తెలియని చోటి నుంచి యాప్‌లు ఎక్కకుండా ఆపమనండి. వాట్సాప్‌లో ఫొటోలు, ఫైళ్లు వాటంతటవే దిగకుండా, తెలియనివాళ్లు మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చకుండా పెట్టమనండి, టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఆరు అంకెల పిన్ ఉంటుంది, అది మీరే ఎంచుకుని మీరే కొట్టండి, అమ్మాయి కూడా చూడనక్కర్లేదు. మొదటి నెల మూడే పనులు నేర్చుకోండి, వీడియో కాల్ ఎత్తడం, మైకు గుర్తు పట్టుకుని మాట రికార్డ్ చేసి పంపడం, కెమెరాతో ఫొటో తీయడం. ఆ మూడోది ఎందుకంటే, మీ బటన్ ఫోన్‌కు బ్యాంకు నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్ వస్తుంది కదా, టచ్ ఫోన్లో గూగుల్ లెన్స్ తెరిచి ఆ చిన్న తెరకు ఫొటో తీస్తే అందులో ఏముందో తెలుగులో చూపిస్తుంది. ఓటీపీ దేనికొచ్చిందో ఇంకొకరిని అడగకుండా మీరే చదువుకోవచ్చు. ఒక్కోసారి తెలుగు కొంచెం వంకరగా ఉంటుంది కానీ, డబ్బు పోయిందా వచ్చిందా అన్నది తెలిసిపోతుంది. యాప్ పనులు రెండో నెల నుంచి చూద్దురుగాని.

మోసాల గురించి మీకు పొడుగు జాబితా ఇవ్వను, గుర్తుండదు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ ఎవరు పంపినా, సొంత తమ్ముడు పంపినా, ముందు అతనికి కాల్ చేసి అడిగాకే తెరవాలి, ఎందుకంటే అతని ఫోన్ వాళ్ల చేతికి చిక్కితే అతని పేరుతోనే మీకు పంపుతారు. పోలీసులమనో సీబీఐ అనో వీడియో కాల్‌లో యూనిఫాంలో కనబడి నిన్ను డిజిటల్ అరెస్ట్ చేశాం, ఫోన్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటే పెట్టేయండి, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి, ఏడుస్తూ కూర్చోకుండా, ఎవరేమంటారో అని దాచకుండా, వెంటనే 1930కి కాల్ చేయండి. మొదటి గంటా రెండు గంటల్లో చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాకు పోకుండా ఆపే అవకాశం ఎక్కువ. ఈ నంబర్ బటన్ ఫోన్ నుంచి కూడా పోతుంది. మీ వాడలో ఆయన ఎన్ని రోజులకు చెప్పాడో కనుక్కోండి, చాలామంది పరువు పోతుందని రెండు రోజులు నోరు మూసుకునే పోగొట్టుకుంటున్నారు.

మీ తోటికోడలిలా అయిపోతానేమో అన్న భయం గురించి ఒక్క మాట. ఆ భయం నిజమే, ఒంటరిగా ఉండే ఇంట్లో రాత్రి పూట ఆ వీడియోలు తోడులా అనిపిస్తాయి, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చేస్తుంది. తిన్నాక ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, బటన్ ఫోన్ మంచం పక్కన పెట్టుకుని పడుకోండి. రాత్రి ఎవరికైనా అవసరమైతే దానికి చేస్తారు.

మరిది కొడుకు విషయంలో మీరు ఇబ్బంది పడుతున్నారని మూడో పేజీ అంతా చెబుతోంది. నమ్మకం లేక తీసుకుంటున్నావా పెద్దమ్మా అంటాడేమోనని కదా. అతను ఏడాదిన్నర మీకోసం తిరిగాడు, అది ఎంత పెద్ద సాయమో అతనికి మీ నోటితో చెప్పండి. స్లాట్ సంగతి ఎత్తి నిష్ఠూరం ఆడొద్దు, అతనికి అది ఇప్పటికే గుచ్చుకుంటూ ఉంటుంది. "రేపు నీకు ఉద్యోగం వచ్చి దూరం పోతావు బిడ్డా, అప్పుడు నేను ఎవరిని అడగాలి, నువ్వు పోయేలోపు నాకు నేర్పించి పో" అనండి. ఇది సాకు కాదు, నిజం కూడా. పని లాక్కున్నట్టు కాకుండా నేర్పమని అడిగినట్టు ఉంటుంది. అప్పుడు స్లాట్ బుక్ చేసేది మీ వేలే, అతను పక్కన కూర్చుని చూస్తాడు. అప్పటికీ అతను ముఖం మాడ్చుకుని, వద్దు నేనే చేస్తా, ఓటీపీ చెప్పు చాలు అని పట్టుబడితే మాత్రం, ఆ పట్టుదల ఎందుకో ఆలోచించాల్సిందే, పాస్‌బుక్ ఎంట్రీలు మీ అమ్మాయితో కలిసి ఒకసారి మొదటి నుంచి చూసుకోవాల్సిందే. అలా జరగదనే నా నమ్మకం.

చివరగా, మీరు అడగకపోయినా, బీరువాలో ఉన్న ఆ ఫోన్. దాన్ని ఆన్ చేయాలా వద్దా అని నేను చెప్పను. కానీ ఏడాదిన్నరగా చార్జింగ్ లేకుండా పడి ఉంటే లోపలి బ్యాటరీ పాడైపోతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది కూడా. ఉబ్బినట్టు, వెనక మూత లేచినట్టు కనబడితే చార్జింగ్ పెట్టకుండా రిపేరు షాపుకు తీసుకెళ్లండి. బాగుంటే మీ అమ్మాయి వచ్చినప్పుడు మీ ఎదురుగానే చార్జింగ్ పెట్టించి, అందులో ఉన్న ఫొటోలు, ఆయన మాటలు రికార్డయి ఉంటే అవీ, ఒక మెమరీ కార్డులోకి ఎక్కించమనండి. షాపులో ఇచ్చేసి రావద్దు, తాళం నంబర్ బయటివాళ్లకు చెప్పొద్దు. కార్డు ఒక చిన్న డబ్బాలో వేసి మళ్లీ ఆ చీరల కిందే పెట్టుకోండి. ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూడొచ్చు.